రేకు పడవకు గాలం గొట్టాలు: కూలీవాడి లెక్క వేరు

డెల్టా గ్రామాల్లో వరికోత మిషన్లు దిగిన తర్వాత వ్యవసాయ కూలీకి ఏం మిగిలిందో ఈ పత్రిక పాఠకులకు మేము మళ్లీ చెప్పనక్కర లేదు. నాట్లకు కొన్నాళ్లు, కలుపులకు కొన్నాళ్లు, మినుము పీకుడుకు ఇంకొన్నాళ్లు. మిగతా రోజుల్లో మగవాళ్లు పట్నాలకు తాపీ పనులకు పోతున్నారు. పోలేని వాళ్లు, పోవడం ఇష్టం లేని వాళ్లు, వయసు మళ్లిన వాళ్లు కాలవ గట్టు పట్టుకుంటున్నారు. చేతిలో వెదురు గాలం, డబ్బాలో ఎర్రలు. సాయంత్రానికి రెండు కొర్రమేనులో, ఒక వాలుగో, అరకిలో జెల్లలో దొరికితే ఆ పూటకి కూరా, ఉప్పూ పప్పూ కొనుక్కునే డబ్బూ. ఇది సరదా కాదు. ఇది పని. దాన్ని పని అని ఏ రిజిస్టర్‌లోనూ రాయరు గనక మనం రాయవలసి వస్తున్నది.

గట్టు మీద కూర్చున్నవాడికి గట్టు దగ్గర చేపే దొరుకుతుంది. గుర్రపుడెక్క అంచులోకి, డ్రైను నడిమికి పోవాలంటే పడవ కావాలి. మా పరిధిలోని ఒక గ్రామంలో నలుగురు కూలీలు పోయినేడు తలా కొంత వేసుకుని, మిగతాది అప్పు చేసి ఒక అల్యూమినియం రేకు పడవ కొన్నారు. పన్నెండడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు, చదును అడుగు. ఇద్దరు మనుషులు గట్టు మీద మోసుకుపోగలరు. తాటి దోనె అలా మోయలేం, ఇనుప రేకు పడవ అంతకన్నా మోయలేం. ఇనుము అల్యూమినియం కన్నా దాదాపు మూడు రెట్లు బరువు. ఒక డ్రైనులోంచి ఇంకో డ్రైనులోకి, లాకు ఎగువ నుంచి దిగువకి పడవను ఎత్తుకుపోవలసిన వాడికి ఆ తేడా భుజాల మీద తెలుస్తుంది.

కొన్న వారం లోపలే వాళ్లకొచ్చిన పేచీ ఏమిటంటే, గాలం కర్రలు ఎక్కడ పెట్టాలి? పడవలో ఇద్దరుంటే ఒకరి చేతిలో తెడ్డు గాని గడ గాని ఉండాలి. రెండోవాడు ఒక కర్ర పట్టుకుంటాడు. అంటే ఇంత పెట్టుబడి పెట్టి కొన్న పడవ మీద ఒక్క గాలం నడుస్తున్నది. నాలుగు కర్రలు పెట్టుకుంటే అప్పు తీరుతుంది, ఒకటే అయితే వడ్డీ తీరుతుంది. కాబట్టి కర్రలు నిలబెట్టే గొట్టాలు కావాలి. పట్నంలో ఒక దుకాణంవాడు, "దీనికేముందండీ, అరగంట పని" అని చెప్పి, పడవ అంచుకు నాలుగు చోట్ల సొంతంగా మర తొలుచుకుపోయే స్క్రూలు బిగించి, నాలుగు గొట్టాలు నిలబెట్టి డబ్బులు తీసుకున్నాడు. రెండు నెలల్లో రెండు గొట్టాలు కర్రలతో సహా నీళ్లలోకి పోయాయి. రేకు మీద చిరిగిన బొక్కలు మిగిలాయి.

ఆ బొక్కలు చూసిన తర్వాతే ఈ సంగతి పత్రికలో రాయాలని మా సంఘం అనుకున్నది. "కౌలు సమస్య, కూలిరేట్ల సమస్య, ఇళ్ల స్థలాల సమస్య వదిలి బోల్టుల గురించి రాస్తారా?" అని కొందరు మిత్రులు అన్నారు. అనే వాళ్లను తప్పు పట్టడం లేదు గాని మా అభిప్రాయం వేరు. నాగలి కర్రు సరిగా లేకపోతే రైతు కమ్మరి దగ్గరికి పోతాడు, ఎంత లోతు సానబెట్టాలో తనే చెప్తాడు. కమ్మరి పని తనకు రాకపోయినా దాని లెక్క తనకు తెలుసు. అప్పు చేసి కొన్న పడవ లెక్క కూలీకి తెలియకపోతే దుకాణంవాడు చెప్పిందే లెక్క అవుతుంది. పనిముట్టు మీద అదుపు లేనివాడికి పని మీద అదుపు ఎక్కణ్ణుంచి వస్తుంది?

ముందుగా ఆ గొట్టం ఎందుకు ఊడిందో చూద్దాం. గడ్డపారతో రాయి లేపిన ప్రతివాడికీ ఈ లెక్క తెలుసు. పదడుగుల వెదురు కర్ర చివర ఒక చేప 5 కిలోల బలంతో లాగిందనుకోండి. కర్ర మొదలు దగ్గర గొట్టాన్ని పట్టుకున్న పీట నాలుగు అంగుళాలదే అనుకోండి. పదడుగులంటే 120 అంగుళాలు. 120ని 4తో భాగిస్తే 30. అంటే ఆ పీట వెనక వైపు బోల్టు మీద పడే లాగుడు 5 కిలోలు కాదు, 150 కిలోలు. కర్ర వంగుతుంది గనక కొంత తగ్గుతుందనుకున్నా, చిన్న పడవల అంచు రేకు మందం ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు. దాంట్లో రెండు మరల మేర మాత్రమే పట్టుకున్న స్క్రూ ఎంతసేపు ఆగుతుంది? చేప పెద్దదని కాదు, కర్ర పొడుగని ఊడింది. గొట్టం కర్ర చివర గుర్రపుడెక్క తగులుకున్నా ఇదే జరుగుతుంది. చేప అయినా కాసేపు వదులుతుంది, డెక్క వదలదు, పడవ ముందుకు పోతూనే ఉంటుంది.

ఇక మేము చెప్పదలచుకున్న మొదటి మాట: కొత్త పడవ కొన్న మొదటి ఏడు రేకుకు ఒక్క రంధ్రం కూడా వేయకండి. ఒక అడ్డబల్ల చేయించుకోండి. టేకు ముక్క దొరికితే మంచిదే, దొరక్కపోతే చేవ ఉన్న తుమ్మ, వేప ఏదైనా సరే. రెండంగుళాల మందం, ఆరంగుళాల వెడల్పు, పడవ ఈ అంచు నుంచి ఆ అంచుకి మించి అటొక రెండంగుళాలు, ఇటొక రెండంగుళాలు. బల్ల అడుగున అంచుల లోపలి వైపు తగిలేటట్టు రెండు దిమ్మలు బిగిస్తే బల్ల పక్కలకు జారదు. ముందుకూ వెనక్కూ కదలకుండా పడవకు ఉన్న కూర్చునే బల్లకు నైలాన్ తాడుతో కట్టెయ్యాలి. గొట్టాలు ఈ చెక్కకు బిగించుకోండి. చెక్కలో బోల్టు ఆరపార పోతుంది, కింద పెద్ద వాషరు పడుతుంది, లాగుడు అంతా చెక్క మీద పడుతుంది, రేకు మీద కాదు. కర్రలు ఎక్కడ నిలిస్తే బాగుంటుందో ఒక కాలం మొత్తం చూసుకుని బల్లను ముందుకీ వెనక్కీ జరుపుకోవచ్చు. వేసిన రంధ్రం మాత్రం జరగదు.

ఈ చెక్క విషయంలో ఒక జాగ్రత్త. చెదలు పట్టకుండా రాగి మందులు ఎక్కించిన చెక్కలు వస్తున్నాయి, ఆకుపచ్చ ఛాయలో ఉంటాయి. తోటల్లో పాదు గుంజలకు అవి బాగానే ఉంటాయి. అల్యూమినియం మీద మాత్రం ఆనించగూడదు. తడిసిన ప్రతిసారీ చెక్కలోని రాగి దిగి రేకును తినేస్తుంది.

రాగికీ అల్యూమినియానికీ ఉన్న ఈ వైరం గురించి ఇంకొంచెం చెప్పాలి. ఎందుకంటే మన కూలీలు ఇవే పడవలతో చేపల చెరువుల్లో పనికి కూడా పోతున్నారు. కైకలూరు, ఆకివీడు వైపు చెరువుల్లో మేత సంచులు గెడలకు కట్టేది, సున్నం చల్లేది, నాచు చావడానికి మైలుతుత్తం కొట్టేది కూలీలే. మైలుతుత్తం అంటే రాగి ఉప్పు. ఆ నీళ్లు పడవ అడుగున నిలిస్తే రాగి వచ్చి రేకు మీద పేరుకుంటుంది, పేరుకున్న చోటల్లా సూదిమొన పట్టేంత గుంటలు పడతాయి. సున్నం సంగతీ అంతే. అల్యూమినియం మీద పుట్టుకతోనే పల్చటి పొర ఒకటుంటుంది, గాలి తగిలితే తనంతట తనే కట్టుకుంటుంది, అదే దానికి రక్ష. సున్నం నీళ్లు, బూడిద నీళ్లు ఆ పొరను కరిగిస్తాయి. ఇంట్లో అల్యూమినియం గిన్నెలో బూడిద పోసి నానబెట్టిన ఆడవాళ్లను అడగండి, గిన్నె ఎలా నల్లబడుతుందో చెప్తారు. చెరువు యజమాని పనికి కూలీ తన సొంత పడవ తీసుకుపోతే, రోజు కూలితో పాటు పడవ అరుగుదల కూడా లెక్క కట్టి అడగాలి. ఎడ్లు తోలుకుపోతే ఎడ్ల కూలి వేరే అడగడం లేదా? పని అయినాక మంచినీళ్లతో కడగడానికి పట్టే అరగంట కూడా పనిలో భాగమే.

మళ్లీ గొట్టాల దగ్గరికి వద్దాం. గొట్టం కోసం పట్నం పోయి మెరిసే సామాను కొననక్కర లేదు. బోరు మోటార్లకు వాడే పీవీసీ పైపు ముక్క చాలు. వెదురు కర్ర మొదలు ఎంత లావో చూసుకుని వేలు దూరేంత వదులుండే సైజు తీసుకోండి, అడుగు పొడుగు చాలు. పై మూతిని గోరువెచ్చగా కాదు, మెత్తబడేంత వరకు వేడి నీళ్లలోనో దూరపు సెగ మీదో పెట్టి సీసా మూతితో కాస్త వెడల్పు చేస్తే కర్రకు గాట్లు పడవు. మంట తగిలితే పైపు మాడి విషపు పొగ వస్తుంది, అది పీల్చగూడదు. గొట్టం అడుగున ఆరపార ఒక బోల్టు వేస్తే కర్ర జారిపోకుండా దాని మీద ఆగుతుంది, నీళ్లూ కారిపోతాయి. మూతి దగ్గర కత్తితో ఒక గాడి తియ్యండి. రీలున్న గాలమైతే రీలు కాడ ఆ గాడిలో కూర్చుని కర్ర తిరగదు.

నిట్టనిలువుగా పెట్టే అలవాటు ఉంది, అది మంచిది కాదు. నిలువు కర్ర మీద చేప లాగుడు అంతా పక్క వాటంగా పడుతుంది, మేము పైన చెప్పిన 150 కిలోల లెక్క అక్కడే పుడుతుంది. మరీ పడుకోబెడితే కర్ర కొస నీళ్లలోకి వంగి బెండు కదిలింది కనపడదు, డెక్కకు తగులుకుంటుంది. నేల మట్టానికి, నిలువుకు మధ్యన, కాస్త బయటి వైపుకి వాలేట్టు పెట్టుకుంటే కర్ర సగం వంగి చేప బలాన్ని తనే మింగుతుంది. ముందు భాగంలో రెండు, వెనక రెండు. ముందు రెండూ బాగా బయటికి, వెనక రెండూ వెనక్కి వాలితే తాళ్లు పెనవేసుకోవు. తెడ్డు వేసేవాడి మోచేయి తగలని చోటు కావాలి. కాగితం మీద గీసుకుంటే ఇది తేలదు. పడవను గట్టు మీద పెట్టి, ఇద్దరూ ఎక్కి కూర్చుని, తెడ్డు ఆడించి చూసుకోవాలి. చూసేవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి.

ప్రతి కర్రకు మొదట్లో ఒక బెత్తెడు తాడు కట్టి రెండో కొస పడవకు ముడెయ్యండి. గొట్టం ఊడినా కర్ర పోదు. కూలీకి కర్ర పోవడమంటే ఒక రోజు కూలి పోవడమే.

మొదటి ఏడు గడిచి, చోటు ఖాయమై, రేకుకే బిగించాలని గట్టిగా అనిపిస్తే అప్పుడు రంధ్రం మాట. వెల్డింగు పెట్టిద్దామని వెంటనే బజారుకు పోతారు. ఊళ్లలో ట్రాలీలూ గేట్లూ అతికే వెల్డింగు దుకాణంలో అల్యూమినియం అతకదు. దానికి ఆర్గాన్ వాయువు ఉన్న మిషను కావాలి, ఆ పని తెలిసిన చెయ్యి కావాలి. ఆ రెండూ దొరికినా, అతుకు పక్కన వేడి తగిలిన రేకు మెత్తబడి బలం తగ్గుతుంది. పల్చటి అంచుకు వెల్డింగు వద్దనే మేము చెప్తాం. బోల్టే మేలు.

రంధ్రం ఎప్పుడూ పై అంచుకే గాని నీటి మట్టానికి దగ్గరగా వద్దు, అడుగున అసలే వద్దు. ముందు సన్న బిట్టుతో చిన్న రంధ్రం, తర్వాత బోల్టు సైజు. వెనక చెక్క ముక్క ఆనించి పట్టుకుంటే రేకు వంగదు. అంచుల్లో లేచిన పొరకను ఆకురాయితో నున్నగా అరగదీయాలి, ఎందుకంటే చిరుగు మొదలయ్యేది ఆ పొరక దగ్గరే. బోల్టుకు కింద చిన్న వాషరు వేసి ఊరుకుంటే మళ్లీ పాత కథే. అంచు కింది వైపు అరచెయ్యంత అల్యూమినియం పలక, నాలుగు మిల్లీమీటర్ల మందందైనా పెట్టి, బోల్టులు రెంటి మధ్యా దొర్లి బిగించాలి. అప్పుడు లాగుడు సూదిమొన మీద కాకుండా అరచెయ్యంత మేర పరచుకుంటుంది. బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువి కొనండి. నాలుగు గొట్టాలకు పదహారు బోల్టులు, అక్కడ పిసినారితనం పనికిరాదు. మామూలు ఇనుప బోల్టు తుప్పు పట్టి తను పోతుంది, ఇత్తడిది తను బాగానే ఉండి చుట్టూ రేకును తినేస్తుంది. స్టెయిన్‌లెస్ కూడా ఉప్పు నీళ్లలో అల్యూమినియాన్ని ఎంతో కొంత తింటుంది గనక రెంటికీ మధ్య తగలకుండా ఏదైనా అడ్డం పెట్టాలి. పాత నూనె క్యాను కత్తిరించిన ప్లాస్టిక్ ముక్క చాలు. ఉప్పుటేరు వైపు, రొయ్యల చెరువుల వైపు తిరిగే పడవలకు ఇది తప్పనిసరి. మంచినీటి కాలవల్లో తిరిగేవాటికి కొంత ఆలస్యంగా జరుగుతుంది, అంతే తేడా.

నీళ్లు ఊరకుండా పూసే సిలికాన్‌లో కూడా రెండు రకాలున్నాయి. వెనిగర్ లాగా పుల్లటి వాసన కొట్టేది వద్దు, ఆ పులుపు రేకుకు హాని. వాసన లేని రకం అడిగి తీసుకోండి. ఇనుప గేట్లకు పూసే ఎర్ర సింధూరం రంగు ఇంట్లో మిగిలిందని పడవకు పూసేవాళ్లున్నారు. అదీ అల్యూమినియానికి పడదు.

ఇంతవరకు చెప్పింది కర్ర పోకుండా చూసుకునే సంగతి. మనిషి పోకుండా చూసుకునే సంగతి వేరే ఉంది, మా దృష్టిలో అదే పెద్దది.

చెక్క పడవ నీళ్లు నిండినా చాలా వరకు తేలుతుంది, పట్టుకుని వేలాడవచ్చు. రేకు పడవ అలా కాదు. నీళ్లు నిండితే రాయిలా అడుక్కి పోతుంది. అందుకే మంచి పడవల్లో కూర్చునే బల్లల కింద గాలి అరలు గాని, నురుగు దిమ్మలు గాని పెట్టి మూస్తారు. గొట్టం బిగించడానికి ఆ బల్లలు అనుకూలంగా కనపడతాయి, సరిగ్గా అక్కడే డ్రిల్లు పెడతారు. గాలి అరకు రంధ్రం పడితే అది అర కాదు, నీళ్ల తొట్టి. ఎరల డబ్బా పెట్టుకోవడానికి చోటు కావాలని నురుగు దిమ్మలు పీకేసిన వాళ్లను మేము చూశాం. అవి చోటు తినే సామాను కాదు, ప్రాణం కాసే సామాను. అరలు లేని చవక పడవ కొన్నవాళ్లు ఇరవై లీటర్ల ఖాళీ క్యాన్లు మూత గట్టిగా బిగించి బల్లల కింద కట్టుకోవాలి. ఒక్కో క్యాను దాదాపు ఇరవై కిలోల బరువును తేలుస్తుంది. అరవై కిలోల అల్యూమినియం పూర్తిగా మునిగితే నీళ్లలో దాని బరువు ముప్పైయెనిమిది కిలోల దాకా ఉంటుంది. అంటే రెండు క్యాన్లు పడవను ఆపుతాయి, నాలుగుంటే పడవతో పాటు దాన్ని పట్టుకున్న ఇద్దరు మనుషులూ ఆగుతారు. ముందు రెండు, వెనక రెండు, రెండు పక్కలకూ సమంగా కట్టుకోండి.

నాలుగు కర్రలున్నాయని నాలుగూ ఒక పక్కే పెట్టి, చేప తగలగానే ఇద్దరూ ఆ పక్కకే లేచి నిలబడితే నాలుగడుగుల వెడల్పు పడవ తిరగబడటానికి ఎంతోసేపు పట్టదు. ఒకడు లేస్తే ఇంకొకడు కూర్చోవాలి. ఈ మాట పడవ ఎక్కేముందే అనుకోవాలి, చేప తగిలాక ఎవరూ వినరు.

కరెంటు సంగతి చెప్పకుండా ఇది ముగించలేం. డ్రైన్ల మీదుగా, చెరువు గట్ల వెంట మోటార్లకూ ఏరేటర్లకూ వైర్లు వేలాడుతున్నాయి. గొట్టంలో నిలబెట్టిన పదీ పన్నెండడుగుల కర్ర, కింద లోహపు పడవ, చుట్టూ నీళ్లు. పచ్చి వెదురు, తడిసిన వెదురు కరెంటును పంపుతాయి. పట్నంలో అమ్మే నల్లటి కార్బన్ గాలాలు తడవకపోయినా పంపుతాయి. వైరు కింద నుంచి పోయేటప్పుడు కర్రలన్నీ తీసి పడవలో పడుకోబెట్టాలి. ఉరుము వినపడితే గట్టెక్కాలి. వేలాడే వైర్ల గురించి కరెంటాఫీసుకు పంచాయతీ చేత కాగితం పెట్టించి, దాని నకలు సంఘంలో దాచుకోవాలి. ప్రమాదం జరిగిన తర్వాత ఆ నకలు ఒక్కటే సాక్ష్యం అవుతుంది.

ఇప్పుడు ప్రభుత్వం వైపు తిరుగుదాం. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పడవలకూ వలలకూ సాయం ఉన్నది. సాధారణ వర్గాలకు 40 శాతం, దళితులకూ గిరిజనులకూ మహిళలకూ 60 శాతం సబ్సిడీ అని రాసుకున్నారు. ప్రమాదంలో చనిపోతే, శాశ్వతంగా పూర్తి అంగవైకల్యం వస్తే 5 లక్షల రూపాయల బీమా అనీ ఉన్నది. కాగితం మీద బాగానే ఉంది. అయితే మా కూలీవాడు ఆఫీసు మెట్లెక్కగానే అడిగేది, "నువ్వు మత్స్యకార సంఘంలో సభ్యుడివా?" అని. కాదు. ఏడాదిలో కొన్ని నెలలు చేప మీద బతుకుతున్నా వాడు ఏ లెక్కలోనూ చేపలవాడు కాడు. భూమి లేదు గనక రైతూ కాడు. చెరువు యజమాని దగ్గర పడవ మీద పనిచేసే కూలీకీ ఇదే గతి. పనిలో ప్రాణం పోతే యజమాని పరిహారం ఇవ్వాలన్న సూత్రం మన దేశంలో 1923 నుంచీ చట్టంలో ఉన్నది. కాని హాజరు పట్టీ లేని కూలీ తాను పనిలో ఉన్నానని ఏ కాగితంతో రుజువు చేస్తాడు?

ఇక్కడ ఒక సున్నితమైన విషయం ఉంది, దాటేసిపోవడం మాకిష్టం లేదు. వ్యవసాయ కూలీలు పడవలు దింపితే మా నీళ్లలో మీకేం పని అని కులవృత్తిగా చేపలు పట్టే వాళ్లు అడుగుతున్నారు. వాళ్లు అడగడంలో న్యాయం ఉంది. తరతరాలుగా ఆ నీళ్ల మీద బతికింది వాళ్లే, చెరువుల పేరుతో కొల్లేటిలో వాళ్ల నీళ్లు ముందు పోయిందీ వాళ్లకే. 1999లో కొల్లేరును అభయారణ్యం చేసినప్పుడు గాని, 2006లో అక్కడి చెరువు గట్లు పేల్చినప్పుడు గాని వాళ్లను కూర్చోబెట్టి అడిగినవాళ్లు తక్కువ. కాబట్టి కూలీల పడవ దింపేముందు ఆ ఊరి మత్స్యకార పెద్దలతో కూర్చుని మాట్లాడుకోవాలి. వల ఉన్న చోట గాలం వేయం, వాళ్లు వల ఎత్తే వేళకు అడ్డం రాం, గుడ్డు పెట్టే కాలంలో సన్న చేపను పట్టం అని ముందే ఒప్పుకోవాలి. పైన చెప్పిన నలుగురూ ఇలాగే మాట్లాడుకున్నారు. ఒక సాయంత్రం గట్టిగా మాటలు నడిచాయి, రెండో సాయంత్రానికి ఒక దారికొచ్చాయి. ఇద్దరికీ ఉమ్మడి శత్రువు కనపడింది. రాత్రిళ్లు కరెంటు తీగ నీళ్లలో పెట్టి చిన్నా పెద్దా అన్నిటినీ ఒక్కసారే తేల్చేవాళ్లు, మందు కలిపి కాలవంతా చంపేవాళ్లు. నీళ్లలో విషం కలపడం, మందుగుండు పేల్చడం 1897 నాటి చేపల చట్టంలోనే నేరం. తెల్లవాడు రాసిన చట్టం, కాని ఆ మాట ఇప్పటికీ పనికొస్తుంది. గాలానికి ఒకసారి ఒక చేపే తగులుతుంది. నాలుగు గొట్టాలు పెట్టుకుంటే నాలుగు. దీనివల్ల కాలవ ఖాళీ అయిపోతుందనే వాదన ఎవరు తెచ్చినా, ముందు ఆ కరెంటు తీగల సంగతి తేల్చమని అడగాలి.

మత్స్యశాఖను మేము అడిగేది పెద్ద కోరికలేం కాదు. సబ్సిడీ పడవ ఇచ్చేటప్పుడు ఉత్త రేకు డొప్ప ఇచ్చి చేతులు దులుపుకోకుండా, తేలే అరలున్న పడవే ఇవ్వాలి. ఇద్దరికి రెండు లైఫ్ జాకెట్లు పడవ ధరలోనే కలపాలి. గొట్టాలు, తెడ్లు, లంగరు బిగించుకోవడానికి అంచుకు కొట్టులోనే పలకలు వేయించి పంపాలి. పెద్ద ఖర్చు కాదు, కొట్టులో అయితే పలక ముందే అతుకుతారు. బీమాకు సంఘ సభ్యత్వం ఒక్కటే రుజువుగా అడగకుండా, పంచాయతీ ఇచ్చే ధ్రువపత్రం కూడా ఒప్పుకోవాలి.

పడవ కొన్నవాళ్లు ఈ కాగితాల కోసం ఆగనక్కర లేదు. వేసవిలో కాలవలు కట్టేసి నీళ్లు లేనప్పుడు పడవ గట్టు మీదే ఉంటుంది, అప్పుడే బోల్టు బోల్టూ ఊడదీసి చూడాలి. బోల్టు చుట్టూ తెల్లటి పిండి లాంటిది కనపడితే లోపల రేకు తింటున్నదని అర్థం. గీకి, కడిగి, ప్లాస్టిక్ ముక్క మార్చి మళ్లీ బిగించాలి. చిరిగిన పాత బొక్కలకు రెండు వైపులా పలక వేసి బోల్టుతో మూసెయ్యవచ్చు. ఆ నలుగురి పడవకు అలాగే నాలుగు అతుకులు పడ్డాయి. అడ్డబల్ల తుమ్మ చెక్కది చేయించుకున్నారు. గొట్టాలు ఒక రైతు పాత బోరు పైపులోంచి కోసుకున్నవి. ఈ పని చూసుకోదలచిన కూలీ సంఘాల వాళ్లు కాలవలకు నీళ్లు వదలక ముందే వస్తే వాళ్లు పడవ బోర్లించి చూపిస్తామన్నారు. నీళ్లొచ్చాక మాత్రం వాళ్లకు తీరిక ఉండదు.